తాతగారి ట్రంకు పెట్టెలోని యుద్ధకాలపు మెడల్స్, సీసపు సిపాయి బొమ్మలు: ఎలా గుర్తించాలి, ఎలా దాచుకోవాలి

అటక మీద దొరికిన తాతగారి పెట్టె ఫొటోలు పెట్టి మీరు అడిగిన ప్రశ్నలకు జవాబిది. ముందు ఆ ఇనుప గుండు సంగతి. మీ ప్రశ్నల్లో దాని ఊసే లేదు కానీ, మీరు పెట్టిన మూడో ఫొటోలో పెట్టె మూలన కనిపిస్తోంది. సీతాఫలంలా గళ్లు గళ్లుగా ఒళ్లు, పక్కన రేకు లివరు, పైన రింగు. అది మిల్స్ బాంబు. బ్రిటిష్ సైన్యం 1915 నుంచి వాడిన చేతి గ్రెనేడు. రెండో ప్రపంచ యుద్ధంలో మన సైనికులకు ఇచ్చింది అందులో 36వ నంబరు రకం. దాన్ని ముట్టుకోకండి. రింగు లాగి చూడటం, అడుగున మూత విప్పి చూడటం, సంచిలో వేసుకుని స్టేషన్‌కి మోసుకెళ్లడం ఏదీ వద్దు. పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకుండా 112కి ఫోన్ చేయండి, బాంబు స్క్వాడ్‌ని వాళ్లే పంపిస్తారు. మందు తీసేసిన డ్రిల్లు గుండ్లు చాలా ఇళ్లలో పేపర్ వెయిట్లుగా ఉండేవి, మీదీ అలాంటిదే కావచ్చు. కానీ ఆ సంగతి తేల్చాల్సింది మీరూ కాదు, ఫొటో చూసి నేనూ కాదు. పేలని తూటాలు దొరికినా ఇదే పద్ధతి. లైసెన్స్ లేకుండా వాటిని ఇంట్లో ఉంచుకోవడం 1959 నాటి ఆయుధాల చట్టం కింద నేరం, తాతగారి జ్ఞాపకం అన్నా కుదరదు.

ఇక అసలు విషయం. పశ్చిమ గోదావరిలో పాత ఇల్లు విప్పుతుంటే అటక మీద ఈ పెట్టె దొరికిందన్నారు. అందులో నాలుగు మెడల్స్, ఏనుగు గుర్తున్న టోపీ బిళ్ల, మూత మీద ఆడమనిషి ముఖం ఉన్న ఇత్తడి డబ్బా, సంక్రాంతికి బొమ్మల కొలువులో పెట్టేవాళ్లమని నాయనమ్మగారు చెప్పిన సిపాయి బొమ్మలు, పెదనాన్నగారు చిన్నప్పుడు ఆడుకున్న ఆకుపచ్చ ట్యాంకు. ఇవి అసలువేనా, ఎలా శుభ్రం చేయాలి, ఎంత వస్తుంది, ఇలాంటివి ఇంకా సేకరించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. శుభ్రం చేయడం గురించే ముందు చెబుతాను. చాలా ఇళ్లలో మొదటి గంటలోనే నష్టం జరిగిపోయేది అక్కడే.

ఏదీ తోమకండి. మన ఇళ్లలో పాత ఇత్తడి కనిపిస్తే చేయి చింతపండు మీదకి పోతుంది. చింతపండులో ఉన్నది ఆమ్లం, అది మురికితో పాటు పైపొరనూ తినేస్తుంది. ఇత్తడి సామాను తోమే పొడి అయితే ఇంకా గట్టిగా గీకుతుంది. మెడల్ అంచు మీద చెక్కిన అక్షరాలు వెంట్రుకంత లోతు కూడా ఉండవు, పదిసార్లు మెరుగు పెడితే పేరే పోతుంది. నల్లబడిన రంగు మురికి కాదు, ఎనభై ఏళ్లలో లోహం మీద ఏర్పడిన సహజమైన పొర, సేకరించేవాళ్లు దానికే విలువ ఇస్తారు. మెత్తటి పొడి నూలుగుడ్డతో దుమ్ము తుడవండి, అంతే చాలు. రిబ్బన్ చినిగినా పారేయొద్దు, కొత్తది కుట్టించొద్దు.

మెడల్స్‌లో రెండు నక్షత్రాలు, రెండు గుండ్రటివి. ఫొటోలో చదవగలిగినంత మేరకు 1939-45 స్టార్, బర్మా స్టార్, వార్ మెడల్, ఇండియా సర్వీస్ మెడల్. ఈ కూర్పు సరిగ్గా ఉంది. 1942 తర్వాత బర్మా సరిహద్దు వైపు వెళ్లి తిరిగొచ్చిన మన సైనికుడికి రావాల్సినవి ఇవే. వార్ మెడల్ ఇరవై ఎనిమిది రోజుల సేవకే ఇచ్చారు. ఇండియా సర్వీస్ మెడల్‌కి మాత్రం యుద్ధరంగం కాని చోట మూడేళ్ల సేవ ఉండాలి, దాని మీద భారతదేశ పటం ఉంటుంది. బర్మా స్టార్ 1941 డిసెంబరు 11 నుంచి 1945 సెప్టెంబరు 2 మధ్య ఆ రంగంలో పనిచేసినవాళ్లకి. దాని రిబ్బన్ ముదురు నీలం, మధ్యలో వెడల్పు ఎర్ర చార, నీలంలో ఇరువైపులా సన్నటి నారింజ చారలు.

కూర్పు చూడటం నేను ఎందుకంత పట్టుకుంటానంటే, బజారులో దొరికే వరసల్లో మొదట బయటపడే మోసం అక్కడే. బర్మా స్టార్, పసిఫిక్ స్టార్ రెండూ ఒకే మనిషికి ఇవ్వలేదు. రెండింటికీ అర్హుడైతే ఒక స్టార్ ఇచ్చి, రెండోదాని పేరుతో రిబ్బన్ మీద చిన్న పట్టీ ఇచ్చారు. డిఫెన్స్ మెడల్‌కి అర్హుడైనవాడికి ఇండియా సర్వీస్ మెడల్ రాలేదు. ఈ జంటలు ఒకే బార్ మీద వేలాడుతుంటే ఎవరో నాలుగు ఇళ్ల మెడల్స్ కలిపి కుట్టారన్నమాట.

ఇప్పుడు భూతద్దం తీసుకుని గుండ్రటి మెడల్స్ అంచు చూడండి, నక్షత్రాలైతే వెనక వైపు. బ్రిటిష్ సైనికులకు పంచిన రెండో ప్రపంచ యుద్ధపు మెడల్స్ మీద ప్రభుత్వం పేర్లు వేయలేదు. భారత సైన్యానికి ఇచ్చినవాటి మీద వేసింది. ఈ ఒక్క తేడా మనకు పెద్ద వరం. లండన్‌లో దొరికే వార్ మెడల్ ఎవరిదో ఎవరికీ తెలియదు. మీ చేతిలో ఉన్నదాని మీద నంబరు, హోదా, పేరు, దళం వరసగా ఉండాలి. అవన్నీ ఇంగ్లిషు పొడి అక్షరాల్లో ఉంటాయి. ఎస్.ఇ.పి. అంటే సిపాయి, ఎస్.పి.ఆర్. అంటే శాపర్ (ఇంజినీరింగ్ దళం సిపాయి), ఎన్.కె. అంటే నాయక్, హెచ్.ఎ.వి. అంటే హవల్దార్. దళాల్లో ఎస్ అండ్ ఎమ్ శాపర్స్ అండ్ మైనర్స్, ఆర్.ఐ.ఎ.ఎస్.సి. సరఫరా, రవాణా చూసిన రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్, ఐ.పి.సి. రోడ్లు, వంతెనలు వేసిన పయనీర్లు, ఐ.ఎ.ఎమ్.సి. వైద్య దళం. తెలుగువాళ్ల పేర్లు ఈ దళాల్లో, మద్రాస్ రెజిమెంట్‌లో ఎక్కువగా కనిపిస్తాయి. పేరు ఇంగ్లిషు గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా పడి ఉంటుంది, ఇంటిపేరు ఒక్కోసారి మాయమై ఉంటుంది, కాబట్టి అక్షరం తేడా చూసి కంగారుపడకండి. పయనీర్ అనో డ్రైవర్ అనో కనిపిస్తే ‘యుద్ధం చేయలేదా’ అని నిరాశ పడేవాళ్లున్నారు. అస్సాం, బర్మా కొండల్లో వానకాలంలో రోడ్డు నిలబెట్టి లారీలు నడిపినవాళ్లు లేకపోతే జపాన్ దాడికి ఇంఫాల్ నిలిచేది కాదు. ఆ పేరు ఎంత గౌరవంగా చదవాలో అంతే గౌరవంగా చదవండి.

అంచు మీద పేరు అసలుదా, తర్వాత మార్చిందా? దీనికి ఒక డిజిటల్ కాలిపర్ చాలు. ఈ గుండ్రటి మెడల్స్ అడ్డకొలత 36 మిల్లీమీటర్లు. పాత పేరు అరగదీసి కొత్తది చెక్కితే అంచు తగ్గుతుంది, నాలుగైదు చోట్ల కొలిస్తే తేడా దొరుకుతుంది. అసలు అక్షరాలు అచ్చుగుద్దినట్టు ఒకే లోతులో, ఒకే వరసలో ఉంటాయి. పోత నకళ్ల ఉపరితలం మీద సూదిమొన గుంతలు, అంచు చుట్టూ సన్నటి అతుకు గీత కనిపిస్తాయి. రాజుగారి జుట్టు, చెవి దగ్గర గీతలు మెత్తగా కరిగిపోయినట్టుంటాయి. ఏనుగు బిళ్లకీ ఇదే పరీక్ష. అది మద్రాస్ రెజిమెంట్ గుర్తు, 1803 నాటి అస్సాయే యుద్ధం జ్ఞాపకంగా వచ్చిన ఏనుగు. టోపీ బిళ్లలకు నకళ్లు చాలా ఎక్కువ. రేకు మీద అచ్చుగుద్దిన రకమైతే వెనక వైపు బొమ్మ తిరగబడి గుంటలుగా కనిపించాలి. వెనక చదునుగా, బరువుగా ఉంటే అది పోత పోసింది, అనుమానించండి. మన సైన్యపు ఏ బిళ్లకైనా వర్తించే కొండగుర్తు ఇంకొకటుంది. కిరీటం ఉంటే 1950 జనవరి 26కి ముందుది, అశోక సింహాలుంటే ఆ తర్వాతది.

పేరు, నంబరు దొరికాక అసలు పని మొదలవుతుంది. మద్రాస్ రెజిమెంట్ కేంద్రం నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో ఉంది, మద్రాస్ శాపర్లది బెంగళూరు, ఆయుధాలు, సామాను చూసే ఆర్డ్‌నెన్స్, యంత్రాల మరమ్మతులు చూసే ఇ.ఎమ్.ఇ. దళాలవి మన సికింద్రాబాద్‌లోనే. నంబరు, పేరు, తండ్రి పేరు, ఊరు, అప్పటి జిల్లా రాసి, మెడల్స్ ఫొటోలు జతచేసి ఆ దళం రికార్డు ఆఫీసుకి ఉత్తరం పెట్టండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా వెళ్తే జవాబు త్వరగా రావచ్చు. మీ తాతగారు తిరిగొచ్చారు. తిరిగి రానివాళ్ల పేర్లయితే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకొచ్చు. చాలా పేర్ల దగ్గర తండ్రి పేరు, ఊరు కూడా ఉంటాయి. రంగూన్ దగ్గర తౌక్యాన్‌లో ఉన్న స్మారకం మీద దాదాపు 27,000 పేర్లున్నాయి, సమాధి దొరకని వాళ్లవి. అందులో మన ఊళ్లవాళ్లు ఉన్నారు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. పెట్టెలో కాగితాలు ఏవైనా ఉంటే, అవి మెడల్స్ కన్నా ముఖ్యం. డిశ్చార్జి పుస్తకం, జీతం పుస్తకం, పెన్షను కాగితం, యూనిఫారంలో దిగిన ఫొటో, సెన్సారు ముద్రతో వచ్చిన ఉత్తరం. ఉత్తరం మీద ఫీల్డ్ పోస్టాఫీసు నంబరు ఉంటే, ఆ నెలలో ఆయన దళం ఎక్కడ ఉందో దాన్ని బట్టి వెతికి పట్టుకోవచ్చు. మెడల్స్ లక్షల్లో తయారయ్యాయి, ఇండియా సర్వీస్ మెడల్ ఒక్కటే సుమారు 2,20,000 ఇచ్చారు. ఆ ఉత్తరం మాత్రం లోకంలో ఒక్కటే. మెడల్స్, కాగితాలు, బిళ్ల అన్నీ ఒకే పెట్టెలో, ఒకే పేరు కింద ఉండనివ్వండి. పంపకాల్లో తలా ఒకటి తీసుకున్నారంటే ఇక ఎవరి దగ్గరా ఏమీ లేనట్టే.

ఇత్తడి డబ్బా రెండో ప్రపంచ యుద్ధానిది కాదు, అంతకు ముందుది. 1914 క్రిస్మస్‌కి బ్రిటన్ రాకుమారి మేరీ పేరుతో సైనికులందరికీ పంచిన కానుక అది. ఐదంగుళాల పొడవు, మూడుంపావు వెడల్పు, అంగుళంపావు ఎత్తు. మూత మీద మధ్యలో ఆమె ముఖం, అటూ ఇటూ ఎమ్ అక్షరాలు, చుట్టూ మిత్రదేశాల పేర్లు, అడుగు అంచున ‘క్రిస్మస్ 1914’. మొత్తం 26 లక్షల పైచిలుకు పంచారు, కాబట్టి డబ్బా ఒక్కటే అరుదైనది కాదు. మన సైనికులకు లోపల పెట్టిన సరుకు వేరు. గూర్ఖాలకు బ్రిటిష్ వాళ్లకిచ్చిందే ఇచ్చారు. సిక్కులకు పటికబెల్లం, మసాలా దినుసుల డబ్బా. మిగిలిన భారత సైనికులకు సిగరెట్లు, పటికబెల్లం, మసాలాలు. నీళ్లు మోసే భిస్తీల్లాంటి సహాయకులకు మసాలా డబ్బా, కార్డు మాత్రమే. అందరికీ ఆ పండగనాడే చేరలేదు, ఫ్రాన్స్ బయట ఉన్న చాలామందికి 1915లోనూ, ఆ తర్వాతా అందాయి. అందుకే ఈ డబ్బా ఉంది కాబట్టి ముత్తాతగారు ఫ్రాన్స్‌లో పోరాడారని అనుకోకండి. మెసొపొటేమియా (ఇప్పటి ఇరాక్) కావచ్చు, తూర్పు ఆఫ్రికా కావచ్చు. ఇంట్లో మొదటి యుద్ధపు మెడల్ ఇంకెక్కడైనా ఉందేమో వెతకండి. అప్పటి బ్రిటిష్ వార్ మెడల్ వెండిది. వెండి కాబట్టే ఎన్నో కంసాలి మూసలోకి పోయాయి. కూలీ దళాలకు, సహాయకులకు అదే మెడల్ కంచుతో చేసి ఇచ్చారు. కంచుది దొరికితే విలువలేనిదని అనుకోకండి, సేకరించేవాళ్లకి అదే ప్రియం.

ఇక బొమ్మలు. నాకు వీటి మీద మమకారం ఎక్కువ, కాస్త విపులంగా చెబుతాను.

మీ సిపాయిల్ని ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకుని బరువు చూడండి. సీసం అంటేనే బరువు, అయినా మీవి తేలిగ్గా ఉన్నాయని రాశారు. అది మంచి కబురు. 1893లో లండన్‌లో విలియం బ్రిటన్ జూనియర్ సీసపు బొమ్మల్ని బోలుగా పోతపోసే పద్ధతి కనిపెట్టాడు. కరిగించిన లోహం అచ్చులో పోసి, అచ్చుకి తగిలిన పొర గట్టిపడగానే లోపలిది బయటికి ఒంపేయడం. లోహం తక్కువ, ఖర్చు తక్కువ, జర్మనీ నుంచి వచ్చే గట్టి బొమ్మల కన్నా చవక. తల మీదో టోపీ మీదో చిన్న రంధ్రం కనిపిస్తే అది ఈ పోత ఆనవాలు. ఎత్తు సుమారు 54 మిల్లీమీటర్లు, కుడి చేయి భుజం దగ్గర తిరుగుతుంది. బ్రిటన్స్ కంపెనీ భారత సైన్యం బొమ్మలు చాలా చేసింది. గుర్రపు దళాలైన బెంగాల్ లాన్సర్లు, స్కిన్నర్స్ హార్స్, బాంబే లాన్సర్లతో పాటు 45వ సెట్టు మద్రాస్ లైట్ క్యావల్రీ, 67వ సెట్టు మద్రాస్ నేటివ్ ఇన్‌ఫెంట్రీ అనే కాల్బలం. మీ తలపాగా, ఎర్ర కోటు సిపాయిలు ఈ 67వ సెట్టువని తేలితే ఎంత బాగుంటుందో! మద్రాసు సైన్యంలో తెలుగువాళ్లు వందేళ్లకు పైగా పనిచేశారు. ఇంగ్లండులో పిల్లల కోసం పోతపోసిన ఆ సైన్యపు బొమ్మ మన బొమ్మల కొలువు మెట్ల మీద నిలబడిందంటే నాకు ఒళ్లు పులకరిస్తోంది.

అయితే తేల్చేది పీట అడుగు. మరీ తొలినాటి వాటికి కాగితం చీటీ అంటించేవారు, లేదా ఏమీ ఉండదు. తర్వాత ఉబ్బెత్తు అక్షరాల్లో విలియం బ్రిటన్ పేరు, కాపీరైట్ అన్న మాట, ఒక తేదీ వచ్చాయి. ఆ తేదీ ఆ నమూనా హక్కు నమోదైన రోజు, మీ బొమ్మ తయారైన రోజు కాదు. 1901 అని ఉన్న బొమ్మ పదేళ్ల తర్వాత పోతపోసిందీ కావచ్చు. ‘బ్రిటన్స్ లిమిటెడ్’ అని ఉంటే 1907 తర్వాతది. 1966లో కంపెనీ సీసపు బొమ్మలు ఆపేసింది, కాబట్టి దానికి ఈవల మెరిసిపోతూ కొత్తగా కనిపించే ‘బ్రిటన్స్ సీసపు సిపాయి’ తిరిగి పోతపోసిందైనా అయ్యుంటుంది, రంగు వేసిందైనా అయ్యుంటుంది. అసలు బొమ్మ నుంచి అచ్చు తీసి చేసిన నకలు రవ్వంత చిన్నదిగా, ఎక్కువసార్లు గట్టిగా, బరువుగా ఉంటుంది. అరుగుదల కూడా చూడండి. పిల్లలు పట్టుకునే భుజాలు, తుపాకీ మొన, పీట అంచు దగ్గర రంగు పోవాలి. ఎవరి వేలూ తగలని మోకాలి వెనక రంగు లేచిపోయి భుజం మీద మెరుస్తుంటే ఎవరో కావాలని పాతది చేశారు.

తలలు ఊడినవి మూడున్నాయన్నారు. తలలు ఎక్కడైనా దొరికితే జాగ్రత్తగా దాచండి. ఆ రోజుల్లో పిల్లలే బోలు ఒంట్లోకి అగ్గిపుల్ల గుచ్చి తల నిలబెట్టేవారు, మెడ దగ్గర పుల్ల కనిపించే బొమ్మలు ఇప్పటికీ వస్తుంటాయి. అతికించడం తప్పు కాదు, దాన్ని దాచిపెట్టి అమ్మడం తప్పు. రంగు మాత్రం వేయకండి. వెలిసిపోయిన అసలు రంగుకున్న విలువ కొత్త రంగుకి ఉండదు.

రెండు బొమ్మల మీద తెల్లటి బూడిద కనిపిస్తోంది, దాన్ని ఊదకండి, పొడి బ్రష్షుతో దులపకండి. అది సీసం చెడి తయారైన పొడి, ఊపిరితో లోపలికి పోతే విషం. చెక్క పెట్టెలు, అట్టపెట్టెలు వదిలే ఆమ్లపు ఆవిరి వల్ల ఇలా అవుతుంది. చేతి తొడుగులు వేసుకుని ఆ రెండింటినీ వేరు చేయండి, మిగిలినవి చెక్క బీరువాలో కాకుండా గాజు సీసాలోనో ఇనప అలమరలోనో పెట్టండి. ఏ సీసపు బొమ్మ పట్టుకున్నా తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి. వచ్చే సంక్రాంతికి కొలువులో పెట్టాలనుకుంటే పై మెట్టు మీద, చిన్నపిల్లలకు అందకుండా పెట్టండి.

ట్యాంకు సంగతి సులువు. అడుగున ‘డింకీ టాయ్స్’, ‘సెంచూరియన్ ట్యాంక్’ అని ఉందన్నారు కదా, అది లివర్‌పూల్ బిన్స్ రోడ్‌లోని మెక్కానో ఫ్యాక్టరీ సరుకు, 651వ నంబరు. 1954 ప్రాంతంలో మొదలై చాలా ఏళ్లు తయారైంది, కాబట్టి అరుదు కాదు, కానీ చక్కటి బొమ్మ. పెదనాన్నగారి తరం పిల్లలకు ఈ ట్యాంకు ఎందుకంత ఇష్టమో ఊహించగలను. 1965 పాకిస్తాన్ యుద్ధంలో అసల్ ఉత్తర్, ఫిల్లోరా దగ్గర మన సైన్యం నడిపిన ట్యాంకుల్లో సెంచూరియన్లు ఉన్నాయి. రబ్బరు ట్రాకులు ఎండి విరిగిపోవడం వీటన్నింటికీ మామూలే, కొత్తవి దొరుకుతాయి. మార్చితే మార్చినట్టు చీటీ రాసి, పాత ముక్కలు కవరులో దాచండి. ఇంకెప్పుడైనా 1930ల నాటి డింకీ బళ్లు కొనబోతే ఒళ్లంతా పరిశీలించండి. అప్పటి జింకు మిశ్రమంలో సీసం లాంటివి కలవడంతో లోహం లోపల్నుంచే ఉబ్బి, పగుళ్లు బారి, ఒకరోజు ముక్కలైపోతుంది. దానికి మందు లేదు.

డింకీ అనుకుని కొన్న బండి అడుగున ‘నిక్కీ టాయ్స్’ అని కనిపిస్తే నిరాశ పడకండి. 1960ల చివర్లో డింకీ పాత అచ్చులు కలకత్తాకి వచ్చాయి, ఇక్కడ ఆ పేరుతో పోతపోశారు. పోత కాస్త మోటుగా, రంగు మందంగా ఉంటుంది. ఒకప్పుడు చులకనగా చూసినవాటిని ఇప్పుడు విదేశాల్లోనూ వెతికి కొంటున్నారు. మన ఊళ్ల అటకల మీద వీటికి ఇంకా అవకాశం ఉంది.

రేకు బొమ్మల కాలం చెప్పడానికి దేశం పేరు సాయపడుతుంది. ‘మేడ్ ఇన్ ఆక్యుపైడ్ జపాన్’ అంటే అమెరికా ఆక్రమణ కాలం, 1952కి ముందు. ‘యు.ఎస్. జోన్ జర్మనీ’ అంటే యుద్ధం ముగిసిన తొలి ఏళ్లు. ప్లస్ ఆకారపు గాడి ఉన్న స్క్రూ 1930ల ముందు బొమ్మకి ఉండకూడదు. జర్మనీలో ఎలాస్టోలిన్, లినియోల్ పేర్లతో రంపపుపొట్టు, జిగురు కలిపి తీగ మీద కట్టిన సైనికులు వచ్చేవి. మన కోస్తా తేమకి అవి పగిలిపోతాయి, కొత్తవాళ్లు వాటి జోలికి పోకపోవడం మంచిది. నాజీ గుర్తులున్న బిళ్లలు, బెల్టులు కూడా వద్దు. ఇక్కడ సంతల్లో కనిపించేవి దాదాపు అన్నీ కొత్తగా చేసినవే. ఆజాద్ హింద్ ఫౌజ్ మెడల్స్ దగ్గరా ఇంతే జాగ్రత్త. అసలువి వియన్నాలో తయారయ్యాయి, యుద్ధం తర్వాత కూడా అక్కడే మళ్లీ కొట్టారు. నేతాజీ పేరు వినగానే మనసు కరుగుతుంది, అమ్మేవాళ్లకి ఆ సంగతి బాగా తెలుసు.

హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో, ఎర్రగడ్డ ఆదివారం సంతలో, ముంబై చోర్ బజార్‌లో తిరగండి. మొదట కొనకుండా చూడటానికే తిరగండి. లండన్ కంపెనీ పేరు, 1917 అని చెక్కిన ఇత్తడి కంపాసులు, దూరదర్శినులు ప్రతి బండి మీదా ఉంటాయి. అవి మన దేశంలోనే అలంకారానికి తయారవుతున్నవి. గుడ్డ వస్తువులకైతే అతినీలలోహిత టార్చి ఒకటి కొనుక్కోండి. యుద్ధం తర్వాత దారాలు, కాగితాల్లో వచ్చిన తెలుపు రసాయనాలు ఆ వెలుగులో నీలంగా మెరుస్తాయి. పాత రిబ్బన్‌ని ఎవరైనా డిటర్జెంటుతో ఉతికి ఉంటే అదీ మెరుస్తుంది, కాబట్టి ఆ ఒక్క పరీక్షతో తీర్పు చెప్పకండి. అసలు ప్రభుత్వ సామాను మీద బాణం గుర్తు వెతకండి, దాని కింద ఇంగ్లిషు ఐ అక్షరం ఉంటే భారత ప్రభుత్వానిది.

ఏం సేకరించాలన్నది మీ ఇష్టం, కానీ ఇరుకైన అంశం పట్టుకోండి. అన్ని దేశాల మెడల్స్ కొంటూ పోతే డబ్బు అయిపోతుంది, విషయం పట్టుబడదు. నిజాం సైన్యం ఒక్కటి తీసుకోండి, జీవితకాలం సరిపోతుంది. ఢిల్లీ తీన్ మూర్తి విగ్రహాల్లో ఒకటి మొదటి యుద్ధంలో సినాయ్, పాలస్తీనా వెళ్లిన హైదరాబాద్ లాన్సర్లదే. లేదా మీ జిల్లానే తీసుకోండి. మిలటరీ మాధవరం మీకు దగ్గరే, ఇంటింటా సైనికులున్న ఊరు. అక్కడ కొనడానికి కాదు, అడిగి ఫొటోలు తీసి, అంచుల మీద పేర్లు రాసుకోవడానికి వెళ్లండి. పేర్ల జాబితా కూడా సేకరణే, మన దగ్గర ఎవరూ చేయనిది.

దాచడం గురించి క్లుప్తంగా. నాణేల ఆల్బమ్‌లో వాడే మెత్తటి పీవీసీ కవర్లు వద్దు, రెండేళ్లకే రాగి మీద పచ్చటి జిగురు పడుతుంది. రబ్బరు బ్యాండ్లు వెండిని నల్లబరుస్తాయి. నాఫ్తలీన్ ఉండలు పెట్టకండి. గోదావరి జిల్లాల తేమకి సిలికా జెల్ పొట్లాలు వేసి, వానాకాలంలో మార్చుతూ ఉండండి.

ధర అడిగారు. అంకె చెప్పను, ఎందుకంటే పేరు, దళం చదవకుండా చెప్పే ఏ అంకె అయినా అబద్ధమే. ఈ నాలుగు మెడల్స్ విడివిడిగా చాలా సాధారణం. ఒకే పేరుతో, కాగితాలతో కలిసి ఉంటే వేరు లెక్క. లండన్‌లోని నూనన్స్, స్పింక్ లాంటి వేలం సంస్థల పాత అమ్మకాలు నెట్‌లో చూడొచ్చు. అడిగిన ధర కాదు, అమ్ముడైన ధర చూడండి. ఇంటికొచ్చి పెట్టె మొత్తానికి ఒకే ధర చెప్పేవాడికి ఏదీ ఇవ్వకండి.

చివరగా, న్యూజెర్సీ నుంచి వస్తున్న పెదనాన్నగారు ఇత్తడి డబ్బా తీసుకెళ్తానన్నారని రాశారు. అది కుదరకపోవచ్చు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన ఇలాంటి వస్తువులు పురావస్తువుల లెక్కలోకి రావచ్చు, అలా వస్తే వాటిని సొంతంగా దేశం దాటించకూడదు. విమానాశ్రయంలో ఆపితే డబ్బా పోతుంది, ఆయనకు చిక్కులు వస్తాయి. పురావస్తు శాఖను ముందే అడిగి, రాతపూర్వకంగా జవాబు వచ్చాకే ఆలోచించండి. మెడల్స్‌కి ఆ చట్టం ఇంకా వర్తించదు కానీ, వాటిని కాగితాల నుంచి విడదీయొద్దని చెప్పాను. ఆయనకు ట్యాంకు ఇవ్వండి. ఆడుకున్నది ఆయనే, వయసు వందేళ్లు కాలేదు, చేతి సంచిలో పడుతుంది.